పదకొండు ఇళ్ళవాడిని ఎక్కడ దించాలి

అడవులదీవిలో పుట్టి, ప్రస్తుతం రేపల్లెలో ఉంటున్న కీర్తిశేషులు కొక్కిలిగడ్డ పోతురాజు గారి కొడుకు మస్తాన్‌రావు అనే నేను, వయసు డెబ్బై ఎనిమిదో డెబ్బై తొమ్మిదో, వృత్తి నిన్నటిదాకా చేపల వ్యాపారం, ఇప్పుడు ఊరికే కూర్చోవటం, నా ఇద్దరు కొడుకులకూ, ఈ కాగితం అమలు జరిపేవాళ్ళకూ, అవసరమైతే కోర్టువారికీ తెలియజేస్తూ రాయించిన వీలునామా.

నా ఒంట్లో జబ్బు ఉంది, బుర్రలో లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, మందు పోయించలేదు. "పూర్తి స్పృహతో" అని రాస్తే చాలని దస్తావేజులు రాసే వెంకట్రామయ్య గారు అన్నారు. పిచ్చివాడు కూడా అదే రాయిస్తాడు కదా, దానికి విలువేంటని అడిగాను. అప్పుడాయన, బయటి మనిషికి ఇల్లు రాస్తున్నారు కాబట్టి కారణం వివరంగా ఉంటే మంచిదని ఒప్పుకున్నారు. అందుకని నేను కారణాలతో సహా చెబుతున్నాను, ఆయన రాస్తున్నారు. నాకొచ్చిన చదువు పడవల మీద పేర్లు చదవటానికి సరిపోతుంది, అంతే. రాసిందంతా చదివించుకుని విన్నాను. నేననని మాటలు ఆయన ఒకటి రెండు చోట్ల దూర్చారు. కొట్టేయించాను.

ఇంతకు ముందు రాయించిన విల్లు ఒకటి నా పెద్దకొడుకు బీరువాలో ఉంది. అది ఈరోజుతో రద్దు.

1. ఆస్తి గురించి. దీనికి జతచేసిన షెడ్యూల్లో చూపించిన పదకొండు ఇళ్ళూ నా స్వార్జితం. మా నాన్న దగ్గర్నుంచి నాకొచ్చింది సగం వల, నోటి దురుసు. రేపల్లెలో పెంకుటిల్లు ఒకటి, మిగతావి తెనాలిలోనూ బాపట్లలోనూ, కొన్ని విడి ఇళ్ళు, కొన్ని అపార్టుమెంట్లలో వాటాలు. పదకొండని నాకే కిందటేడుదాకా తెలియదు. తొమ్మిదనుకునేవాణ్ణి.

అవి ఎలా వచ్చాయో కూడా రాయమన్నాను, ఎందుకంటే అది నాకే సరిగా అర్థం కాలేదు. రేపల్లె ఇల్లు కట్టటానికి నేనూ నా భార్య వీరరాఘవమ్మా సగం జీవితం పోశాం. ఆవిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరగని ఊరు లేదు. ఆ ఇంటిని చూసి బ్యాంకువాళ్ళు రెండోదానికి అప్పిచ్చారు. రెండింటినీ చూసి మూడోదానికిచ్చారు. అయిదోది వచ్చేసరికి మేనేజరే మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. వచ్చిన అద్దె బ్యాంకు వాయిదాకి పోయేది. అంటే ఇంటి ఖరీదు అందులో ఉన్నవాడు కడతాడు, ఇల్లు మాత్రం నాది అవుతుంది. ఇది మోసం కాదు. నేను ఎవరి సొమ్మూ తినలేదు, తిన్నానన్నవాడి పళ్ళు రాలగొడతాను. కానీ వలలో చేప పడితే ఎందుకు పడిందో నేను చెప్పగలను. ఇళ్ళు నా వలలో ఎందుకు పడుతూ పోయాయో చెప్పలేను. మొదటిది అంత కష్టమై, పదోది అంత తేలికవటం ఏంటి? చదువుకున్నవాళ్ళను అడిగాను. వడ్డీరేట్లన్నారు. నాకు నమ్మకం కలగలేదు.

2. రేపల్లె ఇంటి గురించి. అయిదేళ్ళ కిందట వీరరాఘవమ్మ ఆ ఇంట్లోనే పోయింది. పంతులు పంచాంగం చూసి, పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలన్నాడు. పాడుపెట్టటమంటే తాళం వేసి, దీపం పెట్టకుండా, మనిషి మసలకుండా వదిలెయ్యటం. నేను తెనాలిలో పెద్దకొడుకు వీరబ్రహ్మం ఫ్లాటుకు వెళ్ళాను. నెల తిరక్కుండానే వాడికి అద్దె పోతుందని దిగులు పట్టుకుంది. మళ్ళీ పంతుల్ని అడిగాడు. రక్తసంబంధీకులు ఉండకూడదు గాని పరాయివాళ్ళు ఉంటే దోషం లేదని పంతులు సెలవిచ్చాడు. ఈ మాట కోర్టువారు గుర్తుపెట్టుకోవాలి. తరవాత నాకు పనికొస్తుంది.

పాడుపెట్టిన ఇల్లని ఎవరూ దిగలేదు. చివరికి స్టేషన్ దగ్గర ఆటో తోలే బాలస్వామి, అతని భార్య పుల్లమ్మ దిగారు. నక్షత్రం సంగతి చెప్పి, ఒప్పుకుంటేనే దిగమన్నాడట మావాడు. పోయినావిడకు మేమేమీ కాము కదండీ, మా మీద కోపమెందుకుంటుంది అని పుల్లమ్మ సామాను దించేసింది.

ఆరు నెలలయ్యాక నేను నా ఇంటికి పోతానన్నాను. అద్దెకున్నవాళ్ళను ఉన్నట్టుండి ఎలా పొమ్మంటాం, ఇక్కడ నీకేం తక్కువన్నాడు వీరబ్రహ్మం. తక్కువేం లేదు. నాలుగో అంతస్తులో గాలి బాగా వస్తుంది. కిందికి చూస్తే మనుషుల నెత్తులు కనిపిస్తాయి.

3. కిందటేడు ఎండాకాలంలో నాకు ఊపిరి అందక గుంటూరు ఆస్పత్రిలో పెట్టారు. నాలుగు రోజులు చూసి, ఇక ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు డాక్టరు. దానికి అర్థం నాకూ తెలుసు. నా కొడుకులిద్దరూ మంచం పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. నాకు తెలివి లేదనుకున్నారు. కళ్ళు మూసుకుంటే చెవులు కూడా మూసుకుపోతాయని చాలామంది అనుకుంటారు.

వీరబ్రహ్మం తమ్ముడితో, మాది అపార్టుమెంటురా, పైకి ఎలాగూ తీసుకెళ్ళనివ్వరు, కింద కార్ల మధ్య దించాలి, అసోసియేషన్‌వాళ్ళు గొడవ చేస్తారు అన్నాడు. చిన్నవాడు శివ బాపట్లలో ఉంటాడు. వాడేమో, "మొన్ననే గృహప్రవేశం చేశాం కదా అన్నయ్యా. నక్షత్రం తేడా వస్తే కొత్తిల్లు పాడుపెట్టుకుని ఎక్కడికి పోతాం?" అన్నాడు. తరవాత వీరబ్రహ్మం, అద్దె ఇళ్ళల్లో ఏదన్నా ఖాళీ ఉందేమో చూద్దాం అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ముక్కులో గొట్టం ఉండబట్టి నవ్వలేకపోయాను.

వాళ్ళు చెడ్డవాళ్ళని నేనట్లేదు. వాళ్ళు చెప్పిన ఇబ్బందులు నిజమే. నేను ఆలోచించింది వేరే. పదకొండు ఇళ్ళున్నవాణ్ణి, ప్రాణం పోయేటప్పుడు దించటానికి వాకిలి వెతుకుతున్నారు. ఇళ్ళు ఎక్కువైతే వాకిలి తక్కువవుతుందా? ఇది ఎలాంటి లెక్క?

4. ఏదీ ఖాళీ లేదు. ఒకదాన్ని ఖాళీ చేయించాలి. రేపల్లె ఇల్లయితే పాతది, ఒకసారి చావు చూసినది, ఇంకోసారి చూస్తే నష్టం లేదనుకున్నారు. వారంలో ఖాళీ చెయ్యమని వీరబ్రహ్మం పుల్లమ్మకు ఫోన్ చేశాడు. కారణమేంటని ఆవిడ నిలదీసింది. చెప్పక తప్పలేదు. విని ఆవిడ అన్న మాట మావాడే నాకు తరవాత చెప్పాడు, కొంచెం సిగ్గుపడుతూ.

"ఇల్లు ఆయనది, చావు ఆయనది. మధ్యలో మేమెందుకండీ ఖాళీ చెయ్యటం? ముందుగదిలో మంచం వేస్తాను, తీసుకురండి."

నక్షత్రం సంగతేంటని మావాడు అడిగాడు. ఆ నక్షత్రంలోనేగా మేము దిగిందీ, మాకేమయిందండీ అందట.

అలా నన్ను అంబులెన్సులో నా ఇంటికి, అంటే పుల్లమ్మ ఇంటికి, తెచ్చి దించారు. చావటానికి వచ్చిన నేను తినటం మొదలుపెట్టాను. మొదట గంజి, తరవాత చింతచిగురులో ఎండు రొయ్యలు. కొడుకులు ఫోన్ చేసి, ఎలా ఉందని అడగలేక అడిగేవాళ్ళు. "మీ నాన్న ఇంకో ముక్క వెయ్యమంటున్నాడు, పనిలో ఉన్నాను," అని ఫోన్ పెట్టేసింది పుల్లమ్మ ఒకసారి. అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. ఒకటో తారీకున ఆవిడ నాకు అద్దె ఇస్తుంది, నేను ఆవిడకు తిండి ఖర్చు ఇస్తాను. ఆ నోట్లు అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. ఎవరు ఎవరింట్లో ఉంటున్నారో వెంకట్రామయ్య గారినే చెప్పమన్నాను.

5. కాళ్ళలోకి కాస్త బలం వచ్చాక నాకొక సరదా పుట్టింది. నా ఇళ్ళు నేను చూడాలనుకున్నాను. సగం ఇళ్ళలో నేను రిజిస్ట్రేషన్ రోజు తప్ప అడుగుపెట్టలేదు. బాలస్వామి ఆటోలో తిప్పాడు. ఎవరికీ నా పేరు చెప్పొద్దన్నాను.

తెనాలిలో మారీసుపేట వైపు ఒక వీధిలో ఆగి, ఎవరివీ ఇళ్ళని వరసగా అడిగాను. ఉన్నవాళ్ళందరూ ఇంటివాళ్ళు వేరే అన్నారు. ఆ వేరేవాళ్ళ పేర్లడిగితే తిప్పి తిప్పి నాలుగు పేర్లే వచ్చాయి. ఒక మిల్లు ఆయన, ఒక డాక్టరు, ఒక కాంట్రాక్టరు. నాలుగో పేరు చెప్పినాయన నన్ను ఎగాదిగా చూసి, "రేపల్లె చేపల మస్తాన్‌రావంటండి. మనిషిని ఎవరూ చూడలేదు. అసలున్నాడో లేడో," అన్నాడు. ఉన్నాడంటాను, కాకపోతే ఒంట్లో బాగాలేదట అన్నాను. పాపం అన్నాడు. అంత పెద్ద వీధిలో అంతమంది మనుషులు, నాలుగు పేర్లు. చెరువులో చేపలన్నిటికీ నలుగురే మేనమామలైతే ఎలా ఉంటుందో అలా ఉంది.

లోపలికి వెళ్ళి కూర్చున్న చోటల్లా మంచినీళ్ళిచ్చారు. నేను గోడలు చూశాను. ఒక్క గోడకూ మేకు లేదు. క్యాలెండరు కిటికీ ఊచకు కట్టుకున్నారు, దేవుడి పటాలు బీరువా మీద పేర్చుకున్నారు. మేకు కొడితే అడ్వాన్సులో కోస్తామని కాగితంలో రాయించుకుంటారట మావాళ్ళు. తులసి కూడా అంతే. నేలున్న ఇంట్లో సైతం పెయింటు బకెట్లోనే పెంచుతున్నారు. నేలలో పెట్టుకోవచ్చు కదమ్మా అని బాపట్లలో ఒకావిడను అడిగితే, పోయేటప్పుడు పెరికితే పాపం కదండీ అంది. ఈ మాట మూడు రోజులు నా బుర్రలో తిరిగింది.

6. తెనాలిలో నేను ఆగిన ఆ వీధిలోనే ఒక డాబా ఇల్లు ఉంది. నా పాతికేళ్ళ వయసులో, తెనాలిలో చేపల దుకాణం పెడదామని వచ్చి, ఆ ఇంట్లో వెనక గది అద్దెకు అడిగాను. ఆ ఇంటాయన గుమ్మంలోకి కూడా రాకుండా, కిటికీలోంచే, నీచు తినేవాళ్ళకు ఇవ్వం అన్నాడు. ఆయన మనవడి దగ్గర ఆ ఇల్లు నేను కొన్నాను. కొన్నది ఆ కిటికీ కోసమే, ఇందులో దాచేదేం లేదు. కిందటేడు వెళ్ళి చూస్తే దాని గేటుకు "శాకాహారులకు మాత్రమే" అని బోర్డు వేలాడుతుంది. వేయించింది నా కొడుకు వీరబ్రహ్మం. ఏంట్రా ఇదని అడిగితే, అలా రాస్తే ఇల్లు శుభ్రంగా ఉంచేవాళ్ళు వస్తారు నాన్నా అన్నాడు. ఆ శాకాహారుల అద్దెతోనే వాడు ఆదివారం సందువాయి చేప కొంటాడు.

ఆ బోర్డు పీకించి తెచ్చాను. అది వీరబ్రహ్మానికి ఇస్తున్నాను. వాడి సొంత వంటింటి తలుపుకు తగిలించుకుని, ఎలా ఉంటుందో ఒక వారం చూసుకోవాలి. ఆ తరవాత పారేసుకోవచ్చు.

7. తిరిగిన ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న అడిగాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఏదన్నా అయితే ఎక్కడ దించుతారు అని. కొందరు మొహం మాడ్చుకున్నారు. ఒక మేష్టారు, కొల్లూరు లంకలో మా తాతల ఇంట్లో సగం గోడ నాదేనండీ, అక్కడికి తీసుకెళతాం అన్నాడు. కొందరు, ఇంటివాళ్ళను అడగాలండి అన్నారు. ఆ ఇంటివాణ్ణి నేనే. నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. వీరబ్రహ్మాన్ని అడుగుతారు కాబోలు.

పడవ ఇంజన్లు బాగుచేసే జాన్ బాబు నా స్నేహితుడు, రేపల్లెలోనే రెండు గదుల సొంత ఇల్లుంది. ఆయన్నూ అడిగాను. నాకు మతి పోయిందేమోనన్నట్టు చూసి, "మా ఇంట్లో. ఇంకెక్కడ?" అన్నాడు. ఒక్క ఇల్లున్నవాడు ఆలోచించకుండా చెప్పాడు. ఇల్లు లేనివాడూ చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేకపోయాను. నా సందేహానికి ఇంతకంటే దగ్గరి జవాబు దొరకలేదు.

పుల్లమ్మను అడిగినప్పుడు ఆవిడ పెనం మీద చేప తిప్పుతుంది. తిప్పుతూనే, "అద్దెకున్నోళ్ళకు దించటాలుండవు బాబాయ్. ఆస్పత్రి నుంచి అటే," అంది. వాళ్ళత్తను అలాగే తీసుకెళ్ళారట, ఇంటిముందు ఆటో ఆపి ఒక్క నిమిషం హారన్ కొట్టి. అది వీడ్కోలట.

8. అందువల్ల, నా జీవితానంతరం ఆస్తి చెందవలసిన విధం.

అ. వీరబ్రహ్మం ఉంటున్న తెనాలి ఫ్లాటు వీరబ్రహ్మానికి, శివ ఉంటున్న బాపట్ల ఇల్లు శివకు, సర్వహక్కులతో. మనిషికి ఒకటి. మీకు ఉండటానికి ఇచ్చాను, పోగేసుకోవటానికి కాదు.

ఆ. రేపల్లె పెంకుటిల్లు, దొడ్డి, బావితో సహా బాలస్వామి భార్య పుల్లమ్మకు. దాన్ని పడగొట్టి అపార్టుమెంటు లేపుదామని వీరబ్రహ్మం ప్లాను గీయించాడని నాకు తెలుసు, గీసినవాడికి డబ్బులిచ్చి ఉంటే ఆ ప్లాను దాచుకోవచ్చు. పుల్లమ్మ వద్దంది. మీ పిల్లలతో కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక లేదు బాబాయ్ అంది. వద్దన్నా రాస్తున్నాను. ఇది జాలితో కాదు, చేసిన సేవకు కూలీ కాదు. ఎక్కడ దించుతారన్న నా ప్రశ్నకు ఆవిడ దగ్గర జవాబు ఉండాలి.

ఇ. మిగతా ఎనిమిది ఇళ్ళూ అమ్మాలి. ముందు అందులో ఉన్నవాళ్ళకు, రిజిస్ట్రారాఫీసు ఖరీదుకు. బయటి ధరకు కాదు. వాళ్ళు కొనలేకపోతే, వేరే ఇల్లు లేనివాడికి. వచ్చిన సొమ్ము కొడుకులిద్దరికీ సమానం. వేరే ఇల్లు లేదని ఎలా తేల్చుతారని వెంకట్రామయ్య గారు అడిగారు. కాగితాలు తెమ్మంటే భార్య పేర తెస్తారు, బావమరిది పేర తెస్తారు. కాబట్టి, నిన్ను ఎక్కడ దించుతారని అడగాలి. అర్థం కాక చూస్తే పరవాలేదు. ఏ ఇంట్లో బాగుంటుందా అని ఆలోచిస్తే అమ్మకూడదు. ఇది చట్టంలో నిలబడదన్నారాయన. నిలబడకపోతే పడనివ్వండి, రాయటం మాత్రం రాయండి అన్నాను.

ఈ. దీనికి అడ్డుపడినవాడి వాటా రెండోవాడికి పోతుంది. ఇద్దరూ కలిసి అడ్డుపడితే ఇద్దరిదీ నిజాంపట్నం హార్బర్లో వలలు కుట్టేవాళ్ళ సంఘానికి. కలిసి ఒక పని చేశారని మాత్రం సంతోషిస్తాను.

9. పెద్దకోడలు దుర్గాంబ నాతో మాట్లాడింది తక్కువ. తెల్లారి కాఫీ ఒక్కనాడూ ఆలస్యం చెయ్యలేదు. వీరరాఘవమ్మ నానుతాడు ఆవిడకు.

10. మనవరాలు తేజస్విని వడ్లమూడిలో చదువుకుంటుంది. వాళ్ళ నాయనమ్మ చేపల తట్ట, తట్ట కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు ఆ పిల్లకు. వాసన ఇంకా పోలేదు. సబ్బు పెట్టి పోగొట్టొద్దు.

11. చిన్నకోడలికి నేను ఏమీ రాయలేదు, ఎందుకంటే గృహప్రవేశానికి నన్ను పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టింది. నా డబ్బుతో కట్టిన ఇంట్లో. ఈ సంగతి మరిచిపోయానని ఆవిడ అనుకుంటుంది.

12. ఈ కాగితం అమలు జరిపే బాధ్యత జాన్ బాబుది. నా చేతి గడియారం ఆయనకు. ఆయన మీద ఇంకో పని కూడా పెడుతున్నాను. ఇల్లు తనదయ్యాక పుల్లమ్మ మొదట ఏం చేస్తుందో చూడాలి. మేకు కొడుతుందా, తులసిని బకెట్లోంచి నేలలోకి మారుస్తుందా, లేక నాకు తోచనిది ఇంకేదన్నా చేస్తుందా. చూసి ఎవరికి చెబుతాడో నాకు తెలియదు. నేనుండను. తెలుసుకోవాలని మాత్రం చాలా ఉంది.

13. నక్షత్రం గురించి. నేను ఏ నక్షత్రంలో పోయినా రేపల్లె ఇల్లు పాడుపెట్టకూడదు, పొయ్యి ఆర్పకూడదు. పంతులు చెప్పిన న్యాయమే నేనూ చెబుతున్నాను. దోషం రక్తసంబంధీకులకే. ఊపిరి ఆగిన ఘడియ నుంచి ఆ ఇల్లు పుల్లమ్మది. ఆవిడ నాకేమీ కాదు. నక్షత్రానికి అక్కడ పని లేదు. నా కొడుకుల ఇళ్ళకూ ఏ దోషమూ అంటదు, వాళ్ళు నిశ్చింతగా రావచ్చు, వచ్చి ఏడవచ్చు.

14. చివరిది. నన్ను దించవలసిన చోటు రేపల్లె ఇంటి వాకిట్లో, కాసేపయినా సరే. ఆస్పత్రిలో పోయినా అక్కడికే తేవాలి. కానీ అప్పటికి అది నా ఇల్లు కాదు. పరాయివాళ్ళ వాకిట్లో శవాన్ని దించాలంటే ఇంటివాళ్ళను అడగాలి. పాతికేళ్ళప్పుడు ఆ కిటికీ ముందు అడిగిన తరవాత మళ్ళీ ఇప్పుడే నేను అడగవలసి వచ్చింది. నిన్న సాయంత్రం పుల్లమ్మ దగ్గరకు వెళ్ళి నిలబడి అడిగాను.

ఆవిడ బియ్యం ఏరుతుంది. తల ఎత్తలేదు. "నిన్నెవరు పొమ్మన్నారు బాబాయ్," అంది.

దీన్ని ఇంటివాళ్ళ అనుమతి కింద రాసుకోమని వెంకట్రామయ్య గారికి చెప్పాను.

రేపల్లె, 2025 నవంబరు 12, బుధవారం.

(సంతకం) కొ. మస్తాన్‌రావు

రాసినవారు: వెంకట్రామయ్య, దస్తావేజు లేఖరి, రేపల్లె

సాక్షులు:
1. కృపారావు, మందుల షాపు, స్టేషన్ రోడ్డు, రేపల్లె
2. బిందుమాధవి, డాక్టరు, రేపల్లె (ఈయన తెలివిగానే ఉన్నారని కూడా ధ్రువీకరిస్తున్నాను)